పంతొమ్మిదో జాగా

ఉరుకుందమ్మ కర్నూలుకు వచ్చేనాటికి ఆమె భర్త చనిపోయి ఐదు దినాలు. మైల విడవకుండా ఆడమనిషి ఇల్లు దాటడమే తప్పు. అలాంటిది, ఆమె కోడుమూరు నుంచి బస్సెక్కి, కొండారెడ్డి బురుజు వెనక సందులో మిద్దె మెట్లెక్కి, ప్రైవేటు పరిశోధకుడు ఇమాం బాషా గది ముందు చెప్పులు విడిచి నిలబడింది.

తలుపు తీసింది గోపన్న. ఒకప్పుడు ఆసుపత్రిలో కాంపౌండరు. ఇమాం బాషా ఒక విషప్రయోగం కేసును మూడు ప్రశ్నలతో తేల్చడం చూసి, ఉన్న ఉద్యోగం వదిలి ఆయన వెంట నడిచి నాలుగేళ్లయింది. అందుకు ఒక్కనాడూ చింతించలేదు, జీతం అందని నెలల్లో తప్ప.

"సాయిబన్నా," అంది ఆమె గుమ్మంలోనే. "మా ఆయన దొంగ కాదు. ఆ ఒక్క మాట నువ్వు నలుగురిలో చెప్పల్ల."

ఇమాం బాషాది యాభై దాటిన వయసు. ఇరవై ఏళ్లు రిజిస్ట్రీ కచేరీలో గుమాస్తాగా వేలిముద్రలు వేయించి, ఏది నిజమైన సంతకమో ఏది కాదో కంటితోనే పసిగట్టడం నేర్చుకున్నాడు. ఆమెకు చాప చూపించి, మంచినీళ్లు ఇప్పించి, "మొదటి నుంచి చెప్పమ్మా, తొందరేం లేదు" అన్నాడు.

ఆమె చెప్పింది ఇది. కోడుమూరులో వాళ్ల సాలెవీధి పద్దెనిమిది గడపలు. ఇళ్లు వాళ్లు కట్టుకున్నవే గాని, కింద నేల ఒక భూస్వామిది. మూడేళ్ల కిందట ఆయన ఆ నేల అమ్మకానికి పెట్టాడు. వెయ్యి రూపాయలు తెచ్చి కొనుక్కోండి, లేదా ఖాళీ చేయండి అన్నాడు. ఈ ఏడు వైశాఖ పున్నమి దాకా గడువు. వెయ్యి రూపాయలు సాలెవాళ్లకు ఎవరిస్తారు? తాకట్టు పెట్టడానికి నేల వాళ్లది కాదు. నూలు వ్యాపారి దగ్గర తెస్తే వడ్డీకే ఇళ్లు పోతాయి. అప్పుడు ఆమె భర్త పెద్ద ఈరన్న ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి గడపా నెలకొక చీర ఎక్కువ నేయాలి. ఆ చీర మీద వచ్చింది తినకూడదు, తాగకూడదు. దానికి జాగా చీర అని పేరు పెట్టుకున్నారు. పండగ పూటా, జ్వరం పూటా నేశారు. మూడేళ్లకు వెయ్యి వెండి రూపాయలయ్యాయి. ఇత్తడి బిందెలో పోసి ఈరన్న ఇంటి అటక మీద పెట్టారు.

"రిజిస్ట్రీకి ఇంక పదైదు దినాలు ఉండె. మొక్కు తీరుద్దామని నేనూ మా అత్తా మంత్రాలయం పోతిమి. అత్తకు కండ్లు కనపడవు. పోయిన బేస్తవారం దీపాలు పెట్టే యాళకు తిరిగొస్తిమి. బస్సు దిగేతలికి మా మరిది లింగన్న కనపడె. ఆదోని జిన్నింగు మిల్లులో పని. వాడూ అప్పుడే ఆదోని బస్సు దిగినాడంట. మా ఇద్దరి మీదా దుమ్ము చూసి నవ్వి, తెల్ల తువ్వాలుతో అత్త మొగమంతా తుడిచి, మా మూట ఎత్తుకొని ఇంటి దాకా వచ్చె. తలుపు తీస్తే..."

ఆమె మిగిలిన మంచినీళ్లు తాగేసింది.

"అటక నిచ్చెన కింద పడుండె. తల పగిలి. అటక మీద బిందె లేదు. పండబెట్టి కాళ్లు చాపుదామంటే మోకాళ్లు వంగినవి వంగినట్లే, కట్టె మాదిరి. లింగన్న ఏడ్చుకుంటా నొక్కినా చాపలేకపాయె."

"ఆ పొద్దు మీ ఆయన్ను ఆఖరున ఎవరు చూశారు?"

"చూడలేదు, విన్నారు. పక్కింటి హనుమమ్మ సాయంత్రం దాకా మగ్గం చప్పుడు వినె. వీధంతా వినె. మేం వచ్చేదానికి కొంచెం ముందు ఆగెనంట. పోలీసులొచ్చి, నిచ్చెన జారి పడినాడు అని రాసుకొని పోయినారు. వీధిలో మాత్రం, దుడ్లు ఎప్పుడో తినేసినాడు, ఆ గుబులుతో కాలు జారె అంటాండారు. నా మొగం చూసే వాళ్లు లేరు."

చంకలోని మూట విప్పి, మడిచిన నూలు చీర ఒకటి తీసి చాప మీద పెట్టింది. "ఇయ్యడానికి ఇదే ఉండాది."

ఇమాం బాషా చీరను తిరిగి ఆమె వైపు జరిపాడు. "పని అయినాక చూద్దాం తల్లీ."

ఆమె మెట్లు దిగాక గోపన్న నిట్టూర్చాడు. "పాపం సాబ్, ప్రమాదమే అయ్యుండొచ్చు."

"నువ్వు కాంపౌండరువి కదప్పా. మనిషి ప్రాణం పోయిన ఎంతసేపటికి మోకాళ్లు కట్టెలవుతాయి?"

"ఎండాకాలమైనా నాలుగైదు గంటలు పడుతుంది," అని చెప్పి, చెప్పిన మాట తన చెవికే సోకి గోపన్న నోరు మూసుకున్నాడు. మగ్గం ఆగింది దీపాలవేళ. శవం బిగిసింది అదే వేళకు.

"ఊ," అన్నాడు ఇమాం బాషా గొడుగు అందుకుంటూ. "మధ్యాహ్నమే చనిపోయిన మనిషి సాయంత్రం దాకా చీర నేశాడంట. ఆ చీర చూసొద్దాం పద."

* * *

సాలెవీధి అంతా ఒకదానికొకటి గోడ ఆనుకున్న మట్టిమిద్దెలు. ప్రతి ఇంటికీ ఒకటే తలుపు, అదీ వీధి వైపే. లోపల నేలలో గుంత, గుంతలో కాళ్లు పెట్టి నేసే మగ్గం. వీధి మొదట్లో అడుగు పెట్టగానే పద్దెనిమిది మగ్గాల చప్పుడు వినిపించాలి. గోపన్న లెక్క పెట్టలేదు గాని, ఒకటి తక్కువైన సంగతి అతనికీ తెలిసింది.

హనుమమ్మ గడప మీదే కూర్చుని మాట్లాడింది. నోరు గలది.

"ఆ పొద్దు వీధిలో ఏం జరుగుతాండె?" అని అడిగాడు ఇమాం బాషా.

"మధ్యాహ్నం బువ్వ తిని అందరూ ఒక కునుకు తీసినారు. అప్పుడు వీధిలో కుక్క కూడా లేదు. లేసినాక, పెండ్లి చీరలకని వీధి పొడుగునా పడుగు పోగులు పరిచి గంజి పెడితిమి. పొద్దు గూకే దాకా అందరం ఈడనే. ఈరన్న మామ తలుపు మూసే ఉండె. ఎవరూ లోపలికి పోలేదు, బయటికి రాలేదు. నా కండ్ల ముందరే కదా."

"మరి లోపలికి తొంగి చూడలేదా?"

"ఎందుకు చూస్తాం? మగ్గం ఆడతాండె కదా. మా వీధిలో మగ్గం ఆగితేనే పోయి చూసేది. ఏమాయెనో, జ్వరమో ఏమో అని. ఆడతా ఉంటే మనిషి బాగుండాడనే." కొంచెం ఆలోచించి, "నడుమ ఒకసారి ఆగె. పోగు తెగెనా మామా అని అరిస్తి. మామ ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం ఆడేటోడు. ఆ పొద్దు పలకలేదు. మళ్లా మగ్గం ఆడె. కోపం వచ్చెనేమో అనుకొంటి" అంది. ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది.

నూలు వ్యాపారి హుసేన్ వలి అంగట్లో అత్తరు వాసన, లెక్క పుస్తకాల వాసన కలిసి ఉన్నాయి. ఆ నేల కొని నూలు గిడ్డంగి కడదామని ఆయనకు ఎప్పటి నుంచో ఆశ. ఆ మాట దాచలేదు.

"అవును, పున్నమి దాటితే నేనే కొంటా. యాపారం అది. దానికి మనిషిని చంపల్లనా ఇమాం భాయ్? ఆ పొద్దంతా నేను నంద్యాల సంతలో ఉండా, వంద మంది చూసినారు. కానీ ఒక మాట. అందరూ జాగా చీరకని నెలకొక చీర నూలు ఎక్కువ కొంటే, ఈరన్న రెండు చీరల నూలు కొనేటోడు. మూడేండ్లూ అంతే. ఆ రెండో చీర యాడ అమ్మినాడో, ఎవరికిచ్చినాడో. పెద్దమనిషి అంటారు గదా."

బయటికి వచ్చాక గోపన్న మొహం వేలాడేశాడు. ఉరుకుందమ్మకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని అతని దిగులు. ఇమాం బాషా మాత్రం నోటుబుక్కులో 'పంతొమ్మిది' అని రాసుకుని, కింద గీత గీశాడు.

ఈరన్న ఇంట్లో లింగన్న ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ల వాడు, నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"మిల్లులో నలిగె, నెలాయె," అన్నాడు అడగకుండానే. "మీకు శ్రమ ఎందుకు సాయిబన్నా. పోయినోడు పోయె. పదకొండో దినం కాంగానే మా అమ్మను, వదినను ఆదోనికి తోలుకపోతా. ఈ మగ్గం నేనే పీకించి అమ్మేస్తా. ఇంక ఈ ఇంట్లో ఏముండాది?"

గోడకు ఆనుకుని కూర్చున్న ముసలి గిడ్డమ్మ చూపులేని కళ్లు కొడుకు గొంతు వచ్చిన వైపు తిప్పింది.

చావు జరిగిన ఇంట్లో పదకొండో దినం దాకా మగ్గం ముట్టరు. దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఇల్లంతా, అటకంతా వెతికిన వీధివాళ్లు కూడా దాని జోలికి పోలేదు. ఇమాం బాషా చెయ్యి తగలనివ్వకుండా గొడుగు మొనతో దుప్పటి అంచు ఎత్తి, వంగి చాలాసేపు చూశాడు. గోపన్నా చూశాడు. కుంకుమరంగు చీర. నేసినంత మేరా అద్దంలా ఉంది. చివరి బెత్తెడు మాత్రం పలచగా, వదులుగా ఉంది. ఆ బెత్తెడు నడుమ ఒక పోగు తెగితే ముడి వేసి ఉంది. ముడికి రెండు వైపులా పోగు కొసలు మీసాల్లా నిలబడ్డాయి.

"ఈరన్న వేసిన ముడి ఎట్లుండేదమ్మా?" అని ఉరుకుందమ్మను అడిగాడు.

"కనపడేది కాదు. గట్టిగా బిగించి కొసలు పంటితో కొరికేసేటోడు. అన్నదమ్ములిద్దరికీ మా అత్తే నేర్పిండేది."

ఇమాం బాషా దుప్పటి వదిలేశాడు. "పదకొండో దినం వస్తాను. వీధినంతా పిలిపించు," అన్నాడు. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేకపోవడం గోపన్న గమనించాడు.

మర్నాడు గోపన్న ఆదోనికి, ఇమాం బాషా దస్తావేజులు రాసే నరసన్న దగ్గరికి వెళ్లారు. గోపన్న తెచ్చిన కబురు పొట్టిది. ఆ బేస్తవారం లింగన్న పనిలోకే రాలేదు. స్టేషను రోడ్డులో రెండు జాగాలకు అప్పు చేసి బయానా ఇచ్చాడు. ధర మూడింతలవుతుందని ఎవరో చెప్పారట. నెలాఖరుకు మిగతా సొమ్ము కట్టకపోతే బయానా పోతుంది, అప్పు మిగులుతుంది.

"మీకేం తెలిసింది సాబ్?"

ఇమాం బాషా నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి భోజనం కూడా సగంలో వదిలేశాడు.

* * *

పదకొండో దినం కర్మ అయ్యాక వీధంతా ఈరన్న ఇంట్లో, గడప మీద, గడప బయట కూర్చుంది. హుసేన్ వలి ఒక పక్క, దస్తావేజుల నరసన్న ఒక పక్క. పోలీసు హెడ్డు కూడా వచ్చి తలపాగా ఒళ్లో పెట్టుకున్నాడు. లింగన్న తల్లి పక్కన కూర్చున్నాడు.

"పెద్ద ఈరన్న మధ్యాహ్నమే చనిపోయాడు," అని మొదలుపెట్టాడు ఇమాం బాషా. "దీపాలవేళకు శవం కట్టెలా బిగిసింది. కాబట్టి మీరు సాయంత్రం దాకా విన్న మగ్గం ఆయనది కాదు. హనుమమ్మ పలకరిస్తే జవాబు రాకపోయింది అందుకే. చంపిన మనిషి అందరూ కునుకు తీస్తున్నప్పుడు లోపలికి వచ్చాడు. పని అయ్యి తలుపు సందులోంచి చూస్తే వీధి నిండా మీరే, గంజి పెడుతూ. ఈ ఇంటికి వేరే దారి లేదు. ఇంకొకడైతే మూల నక్కి కూర్చునేవాడు. కానీ ఈ వీధిలో మగ్గం ఆగితే ఎవరో ఒకరు తలుపు తడతారని అతనికి తెలుసు. అందుకే శవం పక్కనే, గుంతలో దిగి, మీరు ఇళ్లలోకి వెళ్లేదాకా నేశాడు. అంటే అతను ఈ వీధి మనిషి. నేత వచ్చినవాడు."

"ఈ వీధి మగోళ్లందరూ బయట గంజి పెడతానే ఉండ్రి గదా," అన్నాడు హెడ్డు.

"ఉన్నారు. ఆ పొద్దు వీధిలో కనపడని నేతగాడు ఒక్కడే." ఇమాం బాషా గొంతు తగ్గించాడు. "ఉత్త చప్పుడు కోసం నేసేవాడు పోగు తెగితే వదిలేసినా అడిగే దిక్కు లేదు. కానీ చిన్నప్పుడు నేర్చిన చెయ్యి ఊరుకోలేదు. ఆగి, ముడి వేసింది. ఆ ముడి బిగియలేదు. కొసలు మీసాల్లా ఉన్నాయి."

ఉరుకుందమ్మ మరిది కుడిచేతి వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

"చెరువులు ఎండి, నల్లరేగడి దుమ్ము లేస్తున్న దినాల్లో ఆదోని బస్సు దిగిన మనిషి," అన్నాడు ఇమాం బాషా, "తన తెల్ల తువ్వాలుతో ఇంకొకరి దుమ్ము తుడవలేడు. అతని తువ్వాలు తెల్లగా ఎట్లుంది?"

లింగన్న నోరు తెరిచాడు. ఈలోగా గిడ్డమ్మ గోడ పట్టుకుని లేచింది. ఇంటికి పెద్ద దిక్కు కాబట్టి మగ్గం మీది బట్టను కోయవలసింది ఆమే. కోడలు చెయ్యి పట్టుకోబోతే వద్దని, అలవాటైన నాలుగడుగులు తనే వేసి, దుప్పటి తొలగించి, నేసిన చీర మీద అరచెయ్యి పెట్టింది. వేళ్లు మెల్లగా జరిగాయి. అద్దం లాంటి చోటు దాటాయి. బెత్తెడు దగ్గర నెమ్మదించాయి. ముడి దగ్గర ఆగిపోయాయి.

"లింగా," అంది. "నీ బొటనేలు ఇంగా మానలేదా నాయనా?"

వేలు ముడి కొసల మీదే ఉంచి మళ్లీ అంది.

"ఆ పొద్దు బస్సు కాడ నువ్వు నా మొగం తుడిచినప్పుడే నీ చేతులు గంజి పెట్టిన నూలు వాసన కొట్టె. మిల్లులో గంజి యాడిదబ్బా అనుకొంటి. అనుకొని ఊరకుంటి. ఒకడు పోయె, ఉన్నోణ్ణి ఎట్ల పోగొట్టుకుందునని పదకొండు దినాలు ఊరకుంటి."

లింగన్న తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. మాటలు ముక్కలుగా వచ్చాయి. "చంపల్లని రాలేదమ్మా. పదైదు దినాలకు ఇయ్యన్నా, మూడింతలు చేసి తెస్తా అంటి. అది నా దుడ్లు కాదురా, వీధిది అనె. నేనే అటకెక్కి బిందె దించబోతి. అన్న నిచ్చెన ఎక్కి బిందెను కరుచుకొనె. నేను తోస్తి. బిందెతో పాటు పడె. నీళ్లు కూడా అడగకుండానే పాయె."

"బిందె ఎనిమిది వీశెల బరువు," అన్నాడు ఇమాం బాషా హెడ్డుతో. "బస్సు దగ్గర ఇతని చేతులు ఖాళీ. సొమ్ము ఇల్లు దాటలేదు. ఎవరూ ముట్టని చోటు ఈ ఇంట్లో ఒకటే. మగ్గం పీకించే పని తనదే అన్నాడు కూడా."

గుంతలో తొక్కుడు పలకల కింద మూరెడు తవ్వితే నొక్కుపోయిన ఇత్తడి బిందె దొరికింది. వీధివాళ్లు దాని చుట్టూ మూగారు. ఎవరూ సంతోషపడినట్టు లేరు. హనుమమ్మ పోయి ఉరుకుందమ్మ పక్కన కూర్చుంది.

"ఇంకొకటి ఉంది," అన్నాడు ఇమాం బాషా అయిష్టంగా. "ఈరన్న మూడేళ్లూ రెండు జాగా చీరలు నేశాడు. ఆ రెండోది ఏమైందని కొందరికి అనుమానం. నరసన్నా, చదువు."

నరసన్న కళ్లజోడు తుడుచుకుని కాగితం విప్పాడు. అది రిజిస్ట్రీకి తయారుచేసిన చిత్తు. పద్దెనిమిది గడపల పేర్లు వరసగా చదివాడు. తరువాత, "పంతొమ్మిదో జాగా. వీధి చివరి ఖాళీ స్థలం. సాలె లింగన్నకు" అని చదివి ఆపేశాడు.

"రెండో చీర దుడ్లు దీనికే. ఈ సంగతి చెప్పొద్దనె ఈరన్న," అన్నాడు కాగితం మడుస్తూ. "మిల్లులో వాని వేళ్లు పోయేతట్టు ఉండాయి, రిజిస్ట్రీ పొద్దు కచేరి కాడికి పిలిచి చూపిస్తా, వీధికి తిరిగి తోలుకొస్తా అనె."

లింగన్న అప్పటిదాకా ఏడుస్తూ ఉన్నవాడు, ఏడుపు ఆపేశాడు. హెడ్డు భుజం మీద చెయ్యి వేస్తే లేచి నడిచాడు. గడప దాటేటప్పుడు చెప్పులు మరిచిపోయాడు.

* * *

పున్నమికి రెండు దినాల ముందు రిజిస్ట్రీ జరిగింది. కచేరీ వరండాలో నరసన్న కలం పట్టుకుని ఆగాడు. పంతొమ్మిదో పేరు కొట్టేయాలా, ఆ జాగా ఇంకెవరికైనా రాయాలా అని వీధివాళ్లను అడిగాడు. అందరూ ఉరుకుందమ్మ వైపు చూశారు.

ఆమె ఆ పేరు ఎక్కడుందో అడిగి, దాని మీద వేలు పెట్టింది.

"ఉన్నది ఉన్నట్లే రాయన్నా," అంది. "దానికి ఆయన నేసినాడు. నేను కొట్టేయలేను."

లింగన్నకు కర్నూలు సెషన్సు కోర్టులో పదేళ్లు పడ్డాయి. తీర్పు అయ్యాక, సాక్ష్యంగా పెట్టిన సగం నేసిన చీరను తిరిగి ఇప్పించమని గిడ్డమ్మ కబురు పంపితే, గోపన్నే దాన్ని కోడుమూరుకు తీసుకెళ్లాడు. ఉరుకుందమ్మ మగ్గం మీద ఉంది. వీధిలో ఇప్పుడు చప్పుడు ఒకటీ తక్కువ లేదు. ఫీజు కింద ఒక చీర ఇవ్వబోతే, ఇమాం సాబ్ వద్దన్నారని చెప్పాడు.

"ఆ చివర బెత్తెడు కోసేయమంటావా అవ్వా?" అని అడిగాడు గిడ్డమ్మను. "చెడిపోయింది అక్కడే కదా."

ముసలామె చీర ఒళ్లోకి తీసుకుంది. వేళ్లతో అద్దం లాంటి చోటు తడిమింది, వదులు చోటు తడిమింది, ముడి మీద బొటనవేలు ఆనించింది.

"వద్దు నాయనా," అంది. "ఇద్దరూ దీంట్లోనే ఉండారు."